ఎప్పుడు చూసినా ఏప్రిల్ 13నే ఎందుకు? అపోఫిస్ గ్రహశకలం లెక్క

2029 ఏప్రిల్ 13. 2036 ఏప్రిల్ 13. 2068 ఏప్రిల్ 12. అపోఫిస్ అనే గ్రహశకలం పేరు చెప్పి గత ఇరవై ఏళ్లుగా జనాన్ని భయపెట్టిన తేదీలివి. సంవత్సరాలు మారాయి గానీ తేదీ మారలేదు, మహా అయితే ఒక రోజు అటూ ఇటూ. యూట్యూబ్ థంబ్‌నెయిల్స్‌లో ఎర్రటి నిప్పుముద్ద, దాని కింద "ఆ రోజు ఏం జరగబోతోంది?" అని ఇంతింత అక్షరాలు కనిపిస్తాయి తప్ప, ఎన్నేళ్ల తేడాతో వచ్చినా అదే తేదీకి ఎందుకొస్తుందని ఎవరూ అడగరు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే అపోఫిస్ కథ సగం అర్థమైనట్టే. ముప్పు శాతం ముందు ఎందుకు పెరుగుతుంది, తర్వాత ఎందుకు ఢమాల్న పడిపోతుంది అన్న మిగతా సగం కూడా దాని వెంటే వస్తుంది.

శ్రీకాకుళం వాళ్లు ఈ జవాబు కోసం దూరం వెళ్లక్కర్లేదు. అరసవల్లి గుడిలో ఏటా మార్చి 9, 10 తేదీల్లోనూ, మళ్లీ అక్టోబర్ 1, 2 తేదీల్లోనూ పొద్దున్నే సూర్యకిరణాలు అనివెట్టి మండపం మీదుగా లోపలికి వచ్చి మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. మబ్బు పడితే ఆ ఏడాదికి అంతే, తెల్లవారకముందే వచ్చి క్యూలో నిలబడ్డ భక్తులు నిరాశగా తిరిగి వెళతారు. సూర్యుడు ఏడాది పొడవునా ఒకే చోట ఉదయించడు, ఉత్తరానికీ దక్షిణానికీ జరుగుతూ ఉంటాడు. మార్చి 21 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకు పది రోజుల ముందు, సెప్టెంబర్ 23 ప్రాంతంలో వచ్చే అలాంటి రోజుకు తొమ్మిది పది రోజుల తర్వాత, రెండుసార్లూ సూర్యోదయం దాదాపు ఒకే బిందువు దగ్గర జరుగుతుంది. నిజానికి జరిగేది సూర్యుడు కాదు, భూమి. మార్చి 9 వచ్చిందంటే భూమి తన కక్ష్యలో పోయిన మార్చి 9న ఉన్న చోటికి తిరిగొచ్చిందని అర్థం. కేలండర్లో మనకు గడిలా కనిపించే తేదీ సూర్యుడి చుట్టూ గీసిన దారిలో ఒక చోటు.

ఏప్రిల్ 13 కూడా అలాంటి చోటే. అపోఫిస్ సూర్యుడి చుట్టూ తిరిగే దారి, భూమి తిరిగే దారికి దాదాపు ఆనుకునేంత దగ్గరగా వచ్చే చోట్లలో ఒకటి అక్కడుంది. భూమి ఏటా ఏప్రిల్ 13కి ఆ కూడలి దగ్గరికి వస్తుంది, ఎప్పుడూ వస్తూనే ఉంది, మనం పట్టించుకోలేదంతే. అపోఫిస్ తన లెక్కన అది వస్తుంది. రెండూ ఒకేసారి వస్తేనే సమస్య. కాబట్టి ప్రమాదం అంటూ ఉంటే ఆ తేదీల్లోనే ఉండాలి, జులైలోనో నవంబర్‌లోనో అదే చోట గుద్దుకునే వీలే లేదు, ఎందుకంటే అప్పుడు భూమి అక్కడ ఉండదు.

రైల్వే గేటు దగ్గర పరిస్థితి ఇలాగే ఉంటుంది. పట్టాలు రోడ్డును అడ్డంగా కోసుకుంటూ వెళ్తున్నంత మాత్రాన యాక్సిడెంట్ కాదు, రైలూ లారీ ఒకే క్షణంలో అక్కడ ఉండాలి. భూమి అనే రైలు సెకను తేడా లేకుండా టైంకి వస్తుంది (హౌరా–చెన్నై లైన్లో అలాంటి రైలును చూసిన వాళ్లు తక్కువే). సెకనుకు దాదాపు 30 కిలోమీటర్ల వేగం, 12,742 కిలోమీటర్ల వెడల్పు, భాగించి చూస్తే భూమి తన ఒళ్లంత దూరం దాటడానికి పట్టేది ఏడు నిమిషాలు. సుమారుగా చెప్పాలంటే అంత చిన్న కిటికీలోకి సరిగ్గా వస్తేనే గుద్దుడు, పావుగంట ముందో వెనకో వస్తే తప్పిపోయినట్టే. అందుకే గ్రహశకలాల వ్యవహారంలో ఎంత పెద్ద రాయి, ఏ దారిలో వస్తోంది అన్నవాటి కన్నా ఎన్ని గంటలకు వస్తోంది అన్నదే అసలు ప్రశ్న.

ఇక అపోఫిస్ టైంటేబుల్. సూర్యుడికి దాదాపు 11.2 కోట్ల కిలోమీటర్ల దగ్గరికి వస్తుంది, 16.4 కోట్ల కిలోమీటర్ల దూరం దాకా వెళ్తుంది. అంటే శుక్రుడి దారి దరిదాపుల నుంచి మన దారికి కొంచెం అవతలి వరకు. ఒక చుట్టుకు 324 రోజులు. మన కన్నా 41 రోజులు ముందే చుట్టు ముగించేస్తుంది కాబట్టి ప్రతి చుట్టులోనూ కాస్త ముందుకు పోతూ, సుమారు ఎనిమిదేళ్లకోసారి మనల్ని మళ్లీ కలుస్తుంది. 2004లో కనిపించడం, 2012–13 చలికాలంలో మళ్లీ అందడం, 2021లో ఇంకోసారి, ఇప్పుడు 2029. ఖగోళ శాస్త్రవేత్తలకు దీన్ని కొలిచే అవకాశం వచ్చిందే ఈ విడతల్లో. మధ్యలో ఏళ్లకేళ్లు అది సూర్యుడి వెలుగు వైపే ఉండిపోతుంది, ఎంత పెద్ద టెలిస్కోప్ ఉన్నా లాభం లేదు.

2004 జూన్ 19న అమెరికాలోని కిట్ పీక్ దగ్గర రాయ్ టకర్, డేవిడ్ థోలెన్, ఫాబ్రిజియో బెర్నార్డీ దీన్ని కనిపెట్టారు. రెండు రాత్రులు చూశాక చేజారిపోయింది. డిసెంబర్ 18న ఆస్ట్రేలియా నుంచి మళ్లీ దొరికింది. దొరికిన దగ్గర్నుంచి లెక్కలు వేస్తుంటే 2029లో భూమిని ఢీకొట్టే అవకాశం రోజురోజుకూ పెరుగుతూ డిసెంబర్ 27 నాటికి 2.7 శాతానికి చేరింది. ముప్పును సున్నా నుంచి పది దాకా కొలిచే టొరినో స్కేల్ మీద నాలుగు. అంత ఎత్తుకు ఆ ముందు గానీ ఆ తర్వాత గానీ ఏ గ్రహశకలమూ వెళ్లలేదు. మామూలు రోజుల్లో అయితే టీవీలు నెల రోజులు ఇదే వాయించేవి. కానీ దానికి ఒక రోజు ముందే, డిసెంబర్ 26న సునామీ వచ్చింది. ఆంధ్ర తీరంలోనే వంద మందికి పైగా చనిపోయారు. సముద్రం దెబ్బకు బిత్తరపోయిన ఆ రోజుల్లో ఆకాశం వైపు చూసే తీరిక ఎవరికీ లేదు. 27నే పాత ఫొటోలు తిరగేస్తుంటే మార్చిలో తీసిన వాటిలో ఈ చుక్క దొరికింది. మూడు నెలలు వెనక్కి వెళ్లి ఇంకో కొలత దొరికినట్టయింది, 2029 ముప్పు అక్కడితో పోయింది.

ఇక్కడ చాలామంది తికమకపడేది, శాతం పెరగడం అంటే రాయి మన వైపు తిరగడం అనుకోవడం. రాయి ఎక్కడికీ తిరగలేదు, దాని దారిన అది పోతోంది, మారింది మన కొలత మాత్రమే. కొన్ని రాత్రులు చూసి పాతికేళ్ల తర్వాత ఎక్కడుంటుందో చెప్పమంటే కచ్చితమైన చోటు రాదు, ఒక పొడవాటి గీత వస్తుంది, ఆ గీత మీద ఎక్కడైనా ఉండొచ్చు. ఉదాహరణకు ఆ గీత పొడవు 10 లక్షల కిలోమీటర్లు, భూమి ఆ గీత మీదే ఉంది అనుకుందాం. దాదాపు 13 వేల కిలోమీటర్ల భూమి, 10 లక్షల గీత, అంటే 1.3 శాతం. ఇంకో వారం చూశాక గీత 3 లక్షలకు కుదించుకుపోయింది, భూమి ఇంకా దాని మీదే ఉంది, ఇప్పుడు నాలుగు శాతం దాటింది. ముప్పు మూడు రెట్లయింది అని హెడ్‌లైన్ వచ్చేది ఇక్కడే. ఇంకో వారానికి గీత ఇంకా చిన్నదై, దాని చివర భూమిని దాటి పక్కకు జరిగిపోతుంది, శాతం సున్నాకి వచ్చేస్తుంది. భూమిని గుద్దని రాయి విషయంలో కూడా అంకె ముందు పెరిగి తర్వాతే పడుతుంది, కొలతలు మెరుగవుతున్నాయని దానర్థం. ఈ ముక్క ఒక్కటి జనానికి చెప్పకుండా అంకెలు మాత్రం చదివేయడం వల్లే సగం టెన్షన్.

2024 వైఆర్4 విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. 2024 డిసెంబర్ 27న చిలీలోని అట్లాస్ టెలిస్కోప్‌కి చిక్కిన ఈ రాయి వెడల్పు 60 మీటర్ల ప్రాంతంలో ఉంటుంది. 2032 డిసెంబర్ 22న గుద్దే అవకాశం 2025 ఫిబ్రవరి 18 నాటికి 3.1 శాతానికి వెళ్లింది. పడితే గిడితే ఎక్కడ అన్న పట్టీ తూర్పు పసిఫిక్ నుంచి దక్షిణ అమెరికా పై భాగం, ఆఫ్రికా, అరేబియా సముద్రం మీదుగా మన దేశం వైపు వచ్చేసరికి ఇక్కడి చానళ్లకు పండగే పండగ. వారం తిరక్కుండానే భూమికి ముప్పు లేదని తేలిపోయింది, ఆ వార్త మాత్రం స్క్రోలింగ్‌లో పోయింది. తేదీలు చూడండి, కనిపెట్టింది డిసెంబర్ ఆఖర్లో, భయపెట్టిన తేదీ కూడా డిసెంబర్ ఆఖర్లోనే. దాని దారి భూమి దారిని తాకే కూడలి డిసెంబర్ చోట ఉంది, సూర్యుడి చుట్టూ ఒక చుట్టుకు దానికి సుమారు నాలుగేళ్లు, రెండు చుట్లకు ఎనిమిదేళ్లు. 2024కి ఎనిమిది కలిపితే 2032. ఎవరో జోస్యం చెప్పి పెట్టిన ముహూర్తం కాదది.

మళ్లీ అపోఫిస్ దగ్గరికి వస్తే, 2029 గండం గడిచినా కథ ముగియలేదు. నిజంగా ఆసక్తికరమైన భాగం మొదలైందే అక్కడ. 2029లో అది భూమికి 31,600 కిలోమీటర్ల ఎత్తులో వెళ్తుంది. ఇళ్ల మీద డిష్ యాంటెన్నాలు చూసే టీవీ ఉపగ్రహాలు ఉండేది 35,786 కిలోమీటర్ల ఎత్తులో, అంటే వాటి కన్నా దగ్గరగా. 340 మీటర్ల ప్రాంతంలో ఉండే రాయి అంత దగ్గరికి వస్తే భూమి ఊరుకోదు, దాన్ని లాగి దాని దారినే మార్చేస్తుంది. ఎంత దగ్గరగా వస్తే అంత ఎక్కువ మార్పు. కాబట్టి 2029లో కొన్ని వందల మీటర్లు అటూ ఇటూ అయినా, ఆ తర్వాతి ఏళ్లకు ఆ తేడా వేల కిలోమీటర్లయి కూర్చుంటుంది.

ఇక్కడే కీహోల్ అనే మాట వస్తుంది, తాళం కన్నం అన్నమాట. 2029లో భూమి పక్కన ఆకాశంలో 600 మీటర్ల వెడల్పున్న ఒక ఊహా సందు ఉంది. అపోఫిస్ అందులోంచి దూరితే భూమి లాగిన లాగుడుకు దాని చుట్టు సరిగ్గా 426 రోజులకు మారుతుంది. ఆరు చుట్లు వేస్తే ఏడేళ్లు, రోజు తేడా లేకుండా. ఏడేళ్ల తర్వాత భూమి ఎక్కడుంటుంది? అదే ఏప్రిల్ 13 కూడలిలో. 2036 భయం పుట్టింది ఇలా. ఆ సందులోంచి కాకుండా పక్క నుంచి వెళ్తే చుట్టు 426 రోజులు కాదు, ఇంకేదో అవుతుంది, ఆరు చుట్లయ్యేసరికి నిమిషాలో గంటలో రోజులో తేడా వస్తుంది. మనకు కావాల్సింది ఏడు నిమిషాల తేడానే.

2013 జనవరిలో రాడార్ కొలతలు వచ్చాక 2036 మాట ఎత్తాల్సిన పని లేకుండా పోయింది. 2029 తర్వాత అపోఫిస్ చుట్టు సుమారు 423 రోజులవుతుందని ఇప్పటి లెక్క. కావాల్సిన 426కి మూడు రోజులు తక్కువ. కూడలి దగ్గర బయల్దేరి ఆరు చుట్లు వేసేసరికి 18 రోజులకు పైగా ముందొచ్చేస్తుంది, మార్చి ఆఖర్లోనే. అప్పటికి భూమి ఆ కూడలికి ఇంకా దాదాపు నాలుగున్నర కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఇందులో రహస్యమేమీ లేదు, పదో తరగతి పిల్లలు కూడా కాలిక్యులేటర్ పట్టుకుని చేయగల లెక్క ఇది, రోజుకు భూమి సుమారు 26 లక్షల కిలోమీటర్లు పోతుందని తెలిస్తే చాలు.

2068 మాత్రం ఇంకొన్నాళ్లు వేలాడింది. కారణం ఎండ. గ్రహశకలం మీద ఎండ పడ్డ వైపు వేడెక్కుతుంది, తిరుగుతూ పక్కకు వెళ్లాక ఆ వేడిని అంతరిక్షంలోకి వదులుతుంది, అలా వదిలేటప్పుడు వెనక్కి చిన్న తోపు పుడుతుంది. రష్యాలో పనిచేసిన యార్కోవ్‌స్కీ అనే ఇంజినీర్ వందేళ్ల కిందటే ఈ సంగతి ఊహించాడు కాబట్టి యార్కోవ్‌స్కీ ప్రభావం అంటారు. తోపు ఎంత చిన్నదంటే, అపోఫిస్‌ను ఏడాదికి దాని దారి నుంచి 170 మీటర్లు జరుపుతుందని 2020లో థోలెన్ బృందం తేల్చింది. కోట్ల కిలోమీటర్ల చుట్టులో 170 మీటర్లు ఒక లెక్కా అనిపిస్తుంది గానీ, అలాంటి సన్నటి సందుల గురించి మాట్లాడుకుంటున్నాం మరి. పైగా ఈ రాయి బుద్ధిగా బొంగరంలా తిరగదు, తూలుతూ తిరుగుతుంది, ఏ వైపు ఎప్పుడు వేడెక్కుతుందో పట్టుకోవడం ఇంకా కష్టం.

2021 మార్చిలో అపోఫిస్ మనకు 1.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్ 70 మీటర్ల యాంటెన్నా నుంచి రేడియో తరంగాలు పంపి, అవి తగిలి తిరిగొచ్చే టైమును కొలిచారు. అంత దూరాన్ని 150 మీటర్ల తేడాలోపు పట్టేశారు. 2029కి వందల కిలోమీటర్లుగా ఉన్న అనుమానం దాంతో కొన్ని కిలోమీటర్లకు దిగింది, 2068 గీత భూమిని వదిలి జరిగిపోయింది. కనీసం వందేళ్ల దాకా అపోఫిస్ వల్ల ముప్పు లేదని నాసా ప్రకటించి, ముప్పు జాబితాలోంచి పేరు కొట్టేసింది.

ముప్పు లేదన్నంత మాత్రాన 2029 మామూలు రాత్రి కాదు. ఇంత పెద్ద రాయి ఇంత దగ్గరికి రావడాన్ని ముందే తెలుసుకుని చూడటం మనిషికి ఇదే మొదటిసారి. భూమి లాగుడుకు దాని చుట్టు 324 రోజుల నుంచి 423కి మారిపోతుంది, ఇప్పటిదాకా ఎక్కువ సమయం మన దారికి లోపల తిరిగేది కాస్తా బయట తిరగడం మొదలుపెడుతుంది. బెన్నూ గ్రహశకలం మట్టి తెచ్చిన నాసా నౌకను ఒసైరిస్-అపెక్స్ అనే కొత్త పేరుతో దీని దగ్గరికి మళ్లించారు, అది ఈ దగ్గరి రాకడ అయ్యాక చేరుతుంది. యూరప్ వాళ్ల రామ్సెస్ నౌక ముందే చేరాలన్నది ప్లాన్, ఎందుకంటే భూమి పక్క నుంచి వెళ్లేటప్పుడు రాయి మీద మట్టి జారుతుందా, తూలుడు మారుతుందా అన్నది చూడాలంటే ముందూ వెనకా రెండు ఫొటోలూ కావాలి. ఇస్రో కూడా 2024 జులైలో గ్రహశకలాల మీద వర్క్‌షాప్ పెట్టింది. ఐక్యరాజ్యసమితి 2029ని గ్రహశకలాలపై అవగాహన సంవత్సరంగా ప్రకటించింది.

ఒకవేళ ఇంత రాయి పడితే? ప్రళయం రాదు గానీ కొన్ని జిల్లాలు తుడిచిపెట్టుకుపోతాయి. నిజానికి ఎక్కువ జాగ్రత్తపడాల్సింది లిస్టులో ఇంకా లేని చిన్న రాళ్ల గురించే. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద పేలింది 20 మీటర్ల ప్రాంతంలో ఉండే రాయి, సూర్యుడి వైపు నుంచి వచ్చింది కాబట్టి ముందుగా ఎవరికీ కనిపించలేదు, కిటికీ అద్దాలు పగిలి దాదాపు 1,500 మందికి గాయాలయ్యాయి. ఇంకా చిన్నవైతే వస్తూనే ఉంటాయి. 1870 జనవరిలో అప్పటి విశాఖపట్నం జిల్లా మేరంగి ప్రాంతంలో నాలుగు కిలోల పైచిలుకు ఇనుప ఉల్క ఒకటి పడింది, నెడగొల్ల అనే పేరుతో ప్రపంచ ఉల్కల జాబితాలో ఇప్పటికీ ఉంది. పార్వతీపురం వైపు వాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో అనుమానమే.

ఇక చూడటం సంగతి. అపోఫిస్ భూమికి అత్యంత దగ్గరగా ఉండేది మన టైం ప్రకారం ఏప్రిల్ 14 తెల్లవారుజామున మూడుంపావు దాటాక. శుక్రవారం పదమూడో తేదీ అని పాశ్చాత్యులకు ఒక జంకు. మన వాళ్లకు జంకడానికి అమావాస్య ఉండనే ఉంది, ఎందుకంటే ఆ రాత్రి అమావాస్యే. ఆకాశం చూసే వాళ్లకు అంతకన్నా మంచి రాత్రి దొరకదు, చంద్రుడి వెలుగు అడ్డు ఉండదు. మర్నాడు అంబేద్కర్ జయంతి, రెండో శనివారం కూడా, ఆఫీసు టెన్షన్ లేదు.

అయితే సరిగ్గా దగ్గరికొచ్చే క్షణానికి అది అట్లాంటిక్ సముద్రం మీద ఉంటుంది, మనవైపు అప్పటికే అస్తమించి ఉంటుంది. సాయంత్రం చీకటి పడ్డాక ఆగ్నేయం వైపు ఉంటుంది గానీ కంటికి ఆనదు, బైనాక్యులర్స్ కావాలి. రాత్రి గడిచేకొద్దీ వెలుగు పెరుగుతూ పడమటికి జారుతుంది. అర్ధరాత్రి దాటాక ఒకటీ రెండు గంటల మధ్య పడమటి ఆకాశంలో ఒక మోస్తరు నక్షత్రంలా, తోకా గీకా లేకుండా, మిగతా చుక్కల మధ్య నెమ్మదిగా కదులుతూ కనిపించాలి. ఏదైనా వింత చూడాలంటే కళింగపట్నం బీచ్‌కో బారువకో పరిగెత్తడం ఇక్కడ అలవాటు. ఈసారి చూడాల్సింది సముద్రం వైపు కాదు. శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ల లైట్లు వెనక్కి పడేలా పొలాల వైపు వెళ్లి, కొండలు అడ్డు రాకుండా పడమర బాగా కిందిదాకా తెరుచుకున్న చోటు చూసుకోవాలి. ఆ చోటు ఏదో అంతకు ముందే ఏదో ఒక రాత్రి వెళ్లి చూసి పెట్టుకుంటే నయం.